మా రోజుల్లో ఓడను కెరటం మీద కొలిచేవారు

డిసెంబర్ 4న నేవీ డే వచ్చిందంటే విశాఖ ఆర్కే బీచ్ జనంతో నిండిపోతుంది. దూరంగా యుద్ధనౌక కనబడగానే కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తుతారు. నేను పాత నేవీ వాణ్నని ఎవరైనా చెబితే వచ్చి అడిగేది ఒక్కటే: "తాతా, దీని స్పీడెంత?" అంకె చెబితే చాలు, వెళ్లిపోతారు. ఆ స్పీడు ఎవరు పుట్టిస్తారు, ఎంతసేపు నిలుస్తుంది, కెరటాలు లేస్తే ఏమవుతుంది అని ఒక్కడూ అడగడు. పేపర్లూ అంతే, టీవీలూ అంతే. ఎన్ని నాట్లు, ఎన్ని క్షిపణులు, ఎన్ని వేల కోట్లు. అక్కడితో ఓడ కథ అయిపోయినట్టే.

నేను బాయిలర్ రూములో బతికినవాణ్ని. స్టోకర్‌గా చేరాను, ఆవిరి ఓడల మీదే జుట్టు నెరిసింది. మా రోజుల్లో ఓడ స్పీడు గురించి మాట ఎత్తితే మా చీఫ్ ఎదురు ప్రశ్నలు వేసేవాడు. ఏ సముద్రంలో? ఎంత బరువుతో? ఎంతసేపు? ఈ మూడింటికీ జవాబు లేని అంకెను మేం అంకెగా లెక్కపెట్టేవాళ్లం కాదు. ఆ ప్రశ్నలు మా చీఫ్ సొంతం కావు. వాటి వెనక నూట ఇరవై ఏళ్ల నాటి ఓ ఓడల వరస ఉంది. బ్రిటిష్ రాయల్ నేవీ 1903 నుంచి నీళ్లలోకి దించిన రివర్ క్లాస్ డిస్ట్రాయర్లు. వాటి గురించి ఇవాళ ఎవరూ మాట్లాడరు. అందుకే నేను మాట్లాడుతున్నాను.

ముందు ఆ ఓడలు ఎందుకు పుట్టాయో తెలియాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టార్పెడో బోటు అనే చిన్న పడవ పెద్ద పెద్ద యుద్ధనౌకలకు నిద్ర లేకుండా చేసింది. చీకట్లో దగ్గరికొచ్చి ఒక టార్పెడో వదిలితే వేల టన్నుల ఓడ అడుగుకు చేరేది. ఆ బోట్లను తరిమి కొట్టడానికి బ్రిటన్ 1893లో హావక్ అనే కొత్త రకం ఓడను దించింది. అదే డిస్ట్రాయర్ల వంశానికి మొదలు. అక్కడినుంచి పట్టుకుంది స్పీడు పిచ్చి. 27 నాట్లు అన్నారు, ఆ తర్వాత 30 నాట్లు అన్నారు. ఆ ఓడల తరగతికి పేరు కూడా "థర్టీ నాటర్స్" అనే పడిపోయింది. గంటకు 55 కిలోమీటర్లు. ఆ కాలానికి మాటలు కాదు.

అయితే ఆ 30 ఎక్కడ వచ్చింది? గాలి లేని రోజు చూసుకుని, నిర్ణయించిన మైలు దూరం మీద, ఓడను వీలైనంత తేలిక చేసి పరుగెత్తిస్తే వచ్చింది. కట్టిన కంపెనీ వాళ్లు ఏరికోరి తెచ్చిన స్టోకర్లు, ఏరిన మేలు రకం బొగ్గు. కాంట్రాక్టులో రాసిన అంకె వస్తే కంపెనీకి డబ్బు ముట్టేది. ఆ తర్వాత ఓడ నేవీ చేతికొచ్చి, మామూలు బొగ్గు, మందుగుండు, తిండి, నీళ్లు నింపుకొని, మామూలు కుర్రాళ్లతో ఉత్తర సముద్రంలోకి వెళ్తే ఆ 30 కనబడేది కాదు. షోరూములో లీటరుకు అరవై అని చెప్పిన బండి మన వీధిలో నలభై ఇస్తే మనం ఎంత గొణుక్కుంటాం? అక్కడ ఆ తేడాకి మనుషులు ప్రాణాలతో లెక్క కట్టారు.

ఆ ఓడల ముందు డెక్కు గుండ్రంగా వంచి కట్టారు. నీళ్లు ఇటూ అటూ జారిపోతాయని లెక్క వేశారు. కాగితం మీద బాగానే ఉంది. నిజం సముద్రంలో ముక్కు కెరటంలో దిగబడి నీళ్లన్నీ ఓడ నడిపే బ్రిడ్జి మీదికి వచ్చి పడేవి. చుక్కాని పట్టుకున్నవాడు, ముందు తుపాకీ దగ్గర నిలబడ్డవాడు రాత్రంతా తడిసి ముద్దయ్యేవారు. రేకు పల్చన. సరకు తగ్గిస్తే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే అంకె పెరుగుతుంది. అంకె కోసం ఇనుము కోశారు.

1901లో దానికి ఫలితం కనబడింది. ఆ ఏడాది ఆగస్టు 3న వైపర్ అనే టర్బైన్ డిస్ట్రాయర్ పొగమంచులో చానల్ దీవుల దగ్గర రాళ్లెక్కి పోయింది. అది దారి తప్పడం వల్ల జరిగింది, ఓడ తప్పు కాదు. రెండోది వేరు. సెప్టెంబర్ 18న కోబ్రా అనే ఇంకో టర్బైన్ డిస్ట్రాయర్ ఇంగ్లండ్ తూర్పు తీరంలో, మామూలు గాలివాన సముద్రంలో నడిమికి రెండుగా విరిగిపోయింది. శత్రువు లేడు, తుపాకీ పేలలేదు. 67 మంది పోయారు. 12 మంది బతికి బయటపడ్డారు. పోయినవాళ్లలో నేవీ వాళ్లతోపాటు ఆ టర్బైన్లు చేసిన పార్సన్స్ కంపెనీ పనివాళ్లూ ఉన్నారు. తమ చేతులతో బిగించిన యంత్రంతోపాటు మునిగారు. విచారణ జరిపిన నౌకాదళ కోర్టు తప్పు నడిపినవాళ్లది కాదని చెప్పింది. ఓడే బలహీనమంది. ఆ తర్వాత వుల్ఫ్ అనే పాత డిస్ట్రాయర్‌ను తెచ్చి, దాని ఒళ్లు ఎంత వంగుతుందో, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కొలిచి మరీ చూశారు.

ఇక్కడ ఆనాటి బ్రిటిష్ నేవీ వాళ్లకు నేను దండం పెడతాను. దెబ్బ తగిలింది, నేర్చుకున్నారు. అదే కాలంలో జర్మనీ వాళ్లు కట్టిన ఎస్-90 తరగతి టార్పెడో బోట్లను చూశారు. వాటి ముందు భాగం ఎత్తుగా కట్టి ఉంది, గట్టి సముద్రంలో కూడా ముక్కు ముంచకుండా పోతున్నాయి. ప్రత్యర్థి పని బాగుంటే బాగుందని ఒప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు. కొత్త ఓడలకు ముందు డెక్కు ఎత్తు చేశారు. బ్రిడ్జిని కెరటానికి అందకుండా వెనక్కి జరిపారు. రేకు మందం పెంచారు. ముఖ్యమైనది ఇంకోటి. స్పీడు పరీక్ష పెట్టే పద్ధతినే మార్చారు. సముద్రంలోకి వెళ్లేటప్పుడు ఉండే బరువు మోసుకునే పరుగెత్తి చూపించమన్నారు. అడిగిన అంకె ఇరవై అయిదున్నర నాట్లు.

అప్పుడు లేచింది గోల. ముప్పై నుంచి ఇరవై అయిదుకు దిగజారామా, వెనక్కి నడుస్తున్నామా అని పెద్ద పెద్దవాళ్లే విసుక్కున్నారు. ఖర్చేమో పెరిగింది, అంకేమో తగ్గింది. బయటినుంచి చూసేవాడికి నష్టమే కనబడుతుంది. కానీ గాలి లేచిన రోజున ముప్పై అని రాసుకున్న పాత ఓడ నెమ్మదించి తడుముకుంటుంటే, ఇరవై అయిదు అని రాసుకున్న ఈ ఓడ తన అంకె నిలబెట్టుకుంటూ పోయేది. ఇదీ మా చీఫ్ మాకు అడుగడుగునా చెప్పిన పాఠం. చెప్పిన మాట నిలబెట్టుకునే ఓడే వేగమైన ఓడ.

ఒక్కొక్కటి సుమారు 550 టన్నులు. పొడవు 225 అడుగుల చుట్టూ. మనుషులు డెబ్బై మంది. రెండు టార్పెడో గొట్టాలు, చిన్న ఫిరంగులు. మొత్తం 36 ఓడలు కట్టారు. వాటికి బ్రిటన్, ఐర్లండ్ నదుల పేర్లు పెట్టారు. రిబుల్, అస్క్, వేర్, చెల్మర్, గ్యారీ, కెన్నెట్, ఈడెన్, లిఫీ, బోయిన్. దాదాపు అన్నీ పిస్టన్ ఇంజన్లతో నడిచినవే. ఒక్క ఈడెన్‌కు మాత్రం టర్బైన్లు బిగించారు. మూడు షాఫ్టులు, ఒక్కో షాఫ్టుకు రెండేసి ప్రొపెల్లర్లు. కోబ్రా పోయాక కూడా టర్బైన్‌ను వదిలేయలేదు. తప్పు యంత్రానిది కాదు, ఒంటిదని గుర్తించారు. ఆ తర్వాతి డిస్ట్రాయర్లన్నీ టర్బైన్లకే మారాయి. మేం నడిపిన ఓడల దాకా ఆ దారే వచ్చింది.

ఇంక బొగ్గు సంగతి. ఇవాళ ఇంజన్ కంట్రోల్ రూములో ఏసీ కింద కూర్చుని తెర చూసే పిల్లలకు ఇది కచ్చితంగా చెప్పాలి. నేను చేరేనాటికి మా ఓడల్లో బొగ్గు లేదు, నూనె మండించేవాళ్లం. ఆ వేడే భరించలేక మేం ఉప్పు బిళ్లలు మింగేవాళ్లం. రివర్ క్లాస్ స్టోకర్ పరిస్థితి ఆలోచించండి. ఆడే ఊగే ఇనప నేల మీద కాళ్లు ఆన్చి, పార నిండా బొగ్గు ఎత్తి, కొలిమి తలుపు తెరిచిన క్షణంలో సరిగ్గా సమంగా పరిచి, వెంటనే మూసెయ్యాలి. ఒక మూల గుట్టపడితే అక్కడ మంట చస్తుంది, ఆవిరి ఒత్తిడి పడిపోతుంది. పైన కెప్టెన్ స్పీడు పెంచమంటాడు. అడుగున పేరుకున్న కరిగిన బొగ్గు గడ్డలను ఇనప కడ్డీతో పెకలించి లాగాలి. పొగ నల్లగా పోతే శత్రువుకు ఓడ ఆచూకీ తెలిసిపోతుంది, కాబట్టి పొగ కూడా చూసుకోవాలి. రేవుకు వస్తే విశ్రాంతి ఉంటుందా? బొగ్గు నింపుకోవాలి. ఓడంతా, ఒళ్లంతా, మెస్ డెక్కంతా నల్లటి దుమ్ము. అదంతా కడుక్కునేలోగా మళ్లీ బయల్దేరమని ఆర్డరు. ఆ రోజుల్లో స్పీడు అంటే మనిషి చేతిలో ఉండే విద్య. డయల్ మీద కనబడే అంకె దాని వెనకాలే వచ్చేది.

అసలు పరీక్ష 1914లో మొదటి ప్రపంచ యుద్ధంతో వచ్చింది. అప్పటికి ఈ ఓడలు పాతవైపోయాయి. కొత్త డిస్ట్రాయర్లు వచ్చి ముందు వరసలో నిలబడ్డాయి. వీటిలో కొన్ని చైనా తీరంలో కాపలాలో ఉన్నాయి. ఆగస్టులో జర్మన్ రేవు సింగ్‌తావ్ బయట కెన్నెట్ ఒక జర్మన్ టార్పెడో బోటును తరుముతూ వెళ్లి దెబ్బలు తింది. ఆ బోటు ఏదో తెలుసా? ఎస్-90. ఏ ఓడను చూసి రివర్ క్లాస్ ముక్కు ఎత్తు చేశారో ఆ తరగతి పేరు మోసే మొదటి ఓడ. నేర్పినవాడూ నేర్చుకున్నవాడూ పదేళ్ల తర్వాత చైనా నీళ్లలో ఎదురుపడ్డారు. అదే సింగ్‌తావ్ నుంచి బయల్దేరిన ఎండెన్ అనే జర్మన్ క్రూయిజర్ సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. మద్రాసు అప్పటి మన తెలుగు జిల్లాలకు కూడా రాజధానే. యుద్ధం ఎక్కడో జరుగుతోందనుకున్న మన పెద్దల గుమ్మంలోకే వచ్చింది.

1915 మార్చి 18న డార్డనెల్స్ జలసంధిలో ఇర్రెసిస్టిబుల్ అనే పెద్ద యుద్ధనౌక మందుపాతర తగిలి కూలబడింది. రెండు ఒడ్ల నుంచీ టర్కీ ఫిరంగులు దాని మీదే పేలుతున్నాయి. వేర్ అనే మన రివర్ క్లాస్ ఓడ ఆ గుండ్ల మధ్య దాని పక్కకు చేరి సుమారు 600 మందిని దించుకొచ్చింది. డెబ్బై మంది పట్టే ఓడ మీద 600 మంది. ఆ బరువుతో, ఆ గుండ్ల కింద, ఆ ఓడ కదిలి బయటపడింది. బరువు లేకుండా పెట్టిన పరీక్షలో నెగ్గిన ఓడ అయితే ఆ రోజు ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ 25న గల్లిపోలి ఒడ్డున ఆస్ట్రేలియా సైనికులను తెల్లవారుజామున దించిన డిస్ట్రాయర్లలో రిబుల్, అస్క్, చెల్మర్, కోల్న్ ఉన్నాయి. ఒక నెల తర్వాత ట్రయంఫ్ అనే యుద్ధనౌకను జర్మన్ జలాంతర్గామి ముంచినప్పుడు పక్కకు చేరి మనుషులను ఎక్కించుకున్నదీ చెల్మరే.

ఇంకోటి గ్యారీ. 1914 నవంబరులో ఒక ట్రాలర్ ఢీకొట్టి దెబ్బతీసిన జర్మన్ జలాంతర్గామి యు-18 సిబ్బందిని నీళ్లలోంచి పైకి లాగింది. 1918 జులై 19న యూబీ-110 అనే జలాంతర్గామిని తన ముక్కుతోనే గుద్ది ముంచింది. అప్పుడు దాన్ని నడిపినవాడు చార్లెస్ లైటోలర్. టైటానిక్ మునిగిన రాత్రి దాని సెకండ్ ఆఫీసరు. గుద్దిన దెబ్బకు గ్యారీ ముక్కు నలిగిపోతే, ముందుకు నడిపితే నీళ్ల ఒత్తిడికి లోపలి గోడ పగులుతుందని, వెనక్కి నడుపుకుంటూ రేవుకు తెచ్చారు. పదమూడేళ్ల పాత ఓడ అది. అంత దెబ్బ తిని కూడా తన మనుషులను ఇంటికి తెచ్చింది.

అన్నీ బతకలేదు. గాలా 1908లో రాత్రి విన్యాసాల్లో సొంత నేవీ ఓడే ఢీకొట్టగా రెండు ముక్కలైంది. బ్లాక్‌వాటర్ మరుసటి ఏడాది ఇంకో ఢీలో పోయింది. టర్బైన్ల ఈడెన్ 1916లో ఫ్రాన్స్ తీరం దగ్గర ఒక స్టీమరు ఢీకొని మునిగింది. డెర్వెంట్, ఫోయిల్ 1917లో మందుపాతరలకు, ఇట్చెన్ అదే ఏడాది టార్పెడోకు పోయాయి. వాటితోపాటు పోయిన స్టోకర్ల పేర్లు స్మారక స్తంభాల మీద వరసగా చెక్కి ఉంటాయి, చదివేవాళ్లు తక్కువ. కింద ఉన్నవాడికి పైకి రావడానికి నిచ్చెన ఒక్కటే. ఆ సంగతి బాయిలర్ రూములో వాచ్ చేసినవాడికి తెలుసు.

ఇంతా చేసి, రివర్ క్లాస్ నేర్పిన పాఠం పెద్దవాళ్లకు వంట పట్టిందా? పట్టలేదు. నేవీ అధిపతిగా వచ్చిన ఫిషర్ దొరకు మళ్లీ అంకె కావాల్సి వచ్చింది. 33 నాట్లు అన్నాడు. 1907 నుంచి ట్రైబల్ క్లాస్ వచ్చింది. బొగ్గు పోయి నూనె వచ్చింది, అది మంచిదే. కానీ ఆ ఓడల్లో మొదటివాటికి నూనె పట్టే చోటు చాలక దూరం పోలేకపోయేవి. అఫ్రిది, అమెజాన్ అనే రెండు ఓడలు నూనె డిపోకు రానూపోనూ మూడు మైళ్లు తిరిగేందుకు ఆవిరి పుట్టించడానికే ఒక్కోటీ తొమ్మిదిన్నర టన్నుల నూనె తగలబెట్టాయి. నూనె తెచ్చుకోవడానికి నూనె ఖర్చు. అందుకే వాటిని డోవర్ దగ్గరే ఉంచాల్సి వచ్చింది. అంకె చూసి మురిసిపోయినవాళ్లకు దూరం గుర్తురాలేదు.

ఇప్పుడు మన రోజుల్లోకి రండి. 2021 నవంబర్ 21న మన ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం నేవీలో చేరింది. ముంబయిలోని మజగావ్ డాక్‌లో కట్టారు. 7,400 టన్నులు, 163 మీటర్ల పొడవు. నాకు గర్వంగా ఉంది, అందులో మారుమాట లేదు. ఇది కూడా డిస్ట్రాయరే. రివర్ క్లాస్ ఓడకు పదమూడు రెట్ల బరువు. మరి దీని స్పీడెంతని ప్రకటించారు? 30 నాట్లకు పైన. అంతే. 1890ల్లో కాగితం మీద రాసిన అంకె దగ్గరే మనం ఇంకా ఉన్నాం! నూట ఇరవై ఏళ్లలో అంకె పెద్దగా పెరగలేదు. పెరిగింది ఆ అంకెను ఎంత బరువుతో, ఎంత దూరం, ఎంత చెడ్డ సముద్రంలో నిలబెట్టుకోగలం అన్నది. రివర్ క్లాస్ వాళ్లు అడిగింది అదే. గెలిచింది వాళ్ల ఆలోచన. పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

గుర్తు పెట్టుకోవడంలో మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? 1949లో బ్రిటన్ నుంచి మనకు వచ్చిన మూడు పాత డిస్ట్రాయర్లు రాజ్‌పుత్, రాణా, రంజిత్. రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధంలో రోథరమ్ పేరుతో తిరిగిన ఓడ. 1971 పాకిస్తాన్ యుద్ధం నాటికి ముసలిదై పక్కన పెట్టబోతున్నారు. విమాన వాహక నౌక విక్రాంత్ విశాఖలోనే ఉన్నట్టు భ్రమ కలిగించేలా సందేశాలు పంపమని ఆ ముసలి ఓడకే పని అప్పగించారు. ఆ డిసెంబర్ మొదట్లో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. అది ఎలా మునిగిందన్న వాదన నేటికీ సాగుతోంది. ఆ రాత్రి సముద్రం మీద నిలబడింది మాత్రం ఆ పాత ఆవిరి ఓడ. తర్వాత దాన్ని ముక్కలు చేశారు. అసలు విక్రాంత్‌నూ 2014లో ముక్కలు చేశారు. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఉంది, మంచిది, పిల్లలు లోపలికి వెళ్లి చూస్తున్నారు. ఆవిరితో నడిచిన ఒక్క డిస్ట్రాయర్ బాయిలర్ రూము మాత్రం వాళ్లకు చూపించడానికి మన తీరంలో మిగల్లేదు. రివర్ క్లాస్ ఓడలకూ అదే గతి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే మిగిలినవన్నీ తుక్కు కింద అమ్మేశారు. ఒక్కటీ లేదు.

ఈనాటి నావికులు సుఖంగా ఉన్నారని నాకు ఏడుపు లేదు. ఏసీ ఉండాలి, మంచి మంచం ఉండాలి, ఊపిరితిత్తుల్లోకి బొగ్గు పోకూడదు. ఎవరి పిల్లలైనా అలాగే బతకాలి. నా ఫిర్యాదు వేరు. మీట నొక్కితే గ్యాస్ టర్బైన్ లేస్తుంది కాబట్టి దాని వెనక పని ఏమీ లేదని బయటివాళ్లు అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఇవాళ కూడా కింద ఎవరో ఒకరు కళ్లలో ఒత్తులు వేసుకుని కూర్చుంటేనే పైన ఓడ కదులుతుంది. ఆ మనిషి వీడియోలో కనబడడు, అంకెలో కనబడడు. చూసేవాళ్లకు ఆ మనిషి విలువ తెలియనప్పుడు, ఆ పనికి రావాలన్న కోరిక కుర్రాళ్లలో ఎలా పుడుతుంది?

విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నేవీ ఇంజన్ రూముల్లో చేసి ఇళ్లకు చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆవిరి మీదే బతికిన పాత తరం మాది. మీ ఇంట్లో అలాంటి తాతగారు ఉంటే, ఆయన ఏ ఓడలో చేశాడో, ఏ తుపానులో ఏం చేసి ఆవిరి నిలబెట్టాడో అడిగి రాసి పెట్టుకోండి, లేదా ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఓడలను మిగల్చలేకపోయాం. వాటిని నడిపిన విద్యనైనా మిగుల్చుకుందాం. ఆలస్యం చేస్తే అడగడానికి కూడా ఎవరూ ఉండరు.